నాలుకకు అంటని ఎముక

1998 జూన్. జీడిమెట్లలో కృత్రిమ ఎముకలు తయారుచేసే యూనిట్ నుంచి మల్లేశం తమ్ముడికి ఫోన్ చేశాడు.

"గీ బ్యాచ్ రాయి నాలుకకు అంటుతలేదు తమ్మీ. సుచిత్ర మేడమ్‌కు జెప్పిన. ఇంటికొస్తున్న, అన్నీ జెప్త."

ఇంటికి రాలేదు. గుండ్లపోచంపల్లి మలుపులో నంబర్ ప్లేట్ లేని లారీ అతన్ని రెండుసార్లు తొక్కింది. రెండోసారి రివర్స్‌లో.

తమ్ముడు ఇస్తారి. చుట్టాల లెక్కలో మెడికల్ రిప్రజెంటేటివ్. అసలు ఉద్యోగం సీక్రెట్ ఏజెంట్.

అన్న కర్మకాండలు ముగియకముందే షామీర్‌పేటకు పిలుపొచ్చింది. జింకల పార్కు ముందు అంబాసిడర్‌లో చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"రాకెట్ ఇంధనం సైంటిస్ట్ జానకిరామయ్య. తొడ ఎముకలో గడ్డ తీసేసి, ఆ ఖాళీలో మీ అన్న యూనిట్‌లో చేసిన కృత్రిమ ఎముక బ్లాక్ పెడుతున్నారు. ఆపరేషన్ ఇవాళే, ఇక్కడి ఆసుపత్రిలోనే. క్రూగర్ అనే విదేశీ గూఢచారి ముఠా ఆయన ప్రాణం మీద కన్నేసింది. యూనిట్‌లో మన ఏజెంట్ ఉంది, బ్లాక్ తనే తెస్తుంది. 'మేడ్చల్‌లో వానా?' అని అడుగు. 'గొడుగు ఎండకే తెచ్చాను' అంటుంది."

"ఎవరు సార్?"

"సుచిత్ర. క్వాలిటీ కంట్రోల్."

ఇస్తారి పళ్లు కొరికాడు. "ఆమెకు జెప్పినంకనే మా అన్న సచ్చిండు."

"అనుమానం చాలదు, రుజువు కావాలి. ఆపరేషన్ ఆపితే క్రూగర్ ఎగిరిపోతాడు."

మల్లేశం సిరామిక్ ఇంజనీర్. కాల్షియం ఫాస్ఫేట్ పొడిని చిక్కగా కలిపి, అందులో స్పాంజి ముంచి, ఆరబెట్టి ఫర్నేస్‌లో కాల్చేవాడు. స్పాంజి కాలిపోయి, దాని ఆకారంలో గుల్ల రాయి మిగిలేది. ఆ రంధ్రాల్లోకి రక్తం పారితేనే కొత్త ఎముక పెరుగుతుంది. అందుకే ప్రతి బ్యాచ్‌లో ఒక రాయిని నాలుకకు ఆనించేవాడు. మంచి రాయి తడి పీల్చి అతుక్కుంటుంది. అతుక్కోలేదంటే రంధ్రాల్లో ఎవరో ఏదో నింపారు.

అన్న ప్రాణం తీసినవాళ్ల దగ్గర ఆ బాకీ వసూలు చేయకుండా ఇస్తారి వదలదలచుకోలేదు.

ఆకుపచ్చ గౌను, మాస్క్. థియేటర్ టెక్నీషియన్ వేషం. చేతి గడియారంలో మైక్, స్పీకర్. నెమలికంఠం రంగు చీరలో సుచిత్ర బ్లాక్ డబ్బాతో వచ్చింది.

"మేడ్చల్‌లో వానా?"

"గొడుగు ఎండకే తెచ్చాను." నవ్వింది. "కొత్తవారా? పేరు?"

"పేరేమున్నది మేడమ్, పని జూడుండ్రి."

ఆమె అద్దం తలుపు అవతల నిలబడింది. లోపల డాక్టర్ శేషారత్నం ఫోర్సెప్స్‌తో బ్లాక్‌ను గాయం మీదికి తెచ్చింది.

"ఆగుండ్రి డాక్టరమ్మా!"

ఇస్తారి సిరంజితో ఒక్క సెలైన్ చుక్క వేశాడు. పీల్చుకోవలసిన రాయి మీద చుక్క ముత్యంలా నిలిచింది. దొర్లి కింద పడింది.

"మైనం," అంది డాక్టర్, ముఖం పాలిపోయి. "ఇందులో ఇంకేదో కలిపారు."

"విషం. ఒంటి వేడికి మైనం కరిగి బయటికొస్తది. సీల్ ఉన్న పాత బ్యాచ్ డబ్బా నేను తెచ్చిన, టేబుల్ మీదున్నది, అది పెట్టుండ్రి."

సుచిత్ర పరుగెత్తింది. వరండా చివర హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసేలోపు ఇస్తారి ఆమె మణికట్టు విరిచాడు. జేబులోంచి తెల్లటి రాయి తీసి ఆమె పెదవుల దగ్గర పెట్టాడు.

"క్రూగర్ ఏడున్నడు?"

"ఛీ! తీయ్! నాకు తెలీదు!"

"జల్దీ చెప్పు. నీ నోరు గూడ ఎచ్చగనే ఉంటది."

రాయి కింది పెదవికి తగిలింది.

"బేగంపేట ఎయిర్‌పోర్ట్! సింగపూర్ ఫ్లైట్! లారీ తోలింది కూడా వాడే!"

గడియారంలో చీఫ్ గొంతు: "అందింది. మనవాళ్లు కదిలారు."

ఇస్తారి చేయి తీసేశాడు. రాయి కింద పడలేదు. ఆమె పెదవికి అతుక్కుని వేలాడింది.

"మా అన్న కాల్చిన మంచి రాయి మేడమ్. దీంట్ల ఏం లేదు."

క్రూగర్‌ను విమానం మెట్ల మీద పట్టుకున్నారు.

సాయంత్రం జానకిరామయ్య కళ్లు తెరిచాడు. "ఆపరేషన్ టైములో నన్ను చూడ్డానికి ఎవరైనా వచ్చారా అండీ?"

"వచ్చిన్రు సార్, మిమ్మల్ని సాగనంపనీకి," అన్నాడు ఇస్తారి దుప్పటి సర్దుతూ. "మేమే వాళ్లను సాగనంపినం."