నడి హాల్లో నాలుగు స్తంభాలు

"నా హాలు మధ్యలో స్తంభాలు పెడితే నేనూరుకోను!"

"పెట్టకపోతే కప్పు ఊరుకోదండీ."

ఆర్కిటెక్టుకీ ఇంజనీరుకీ మొదటిరోజే అలా చెడింది. నగరంలోని పాత కన్వెన్షన్ సెంటర్‌ని పడగొట్టి, అవే పునాదుల మీద కొత్తది కట్టాలి. స్తంభాలుంటే వెనక కూర్చున్నవాళ్ళకి వేదిక కనిపించదని ఆమె వాదన. లేకపోతే కప్పు బరువుని పాత పునాదులు మోయలేవని, కొత్త పునాదులంటే ఇంకో ఏడాది పడుతుందని అతని వాదన. వాళ్ళ గొడవ వినడానికే ఆఫీసులో అందరూ టీ కప్పులతో చేరేవాళ్ళు.

గొడవపడని రోజు ఆమెకు ఏమీ తోచేది కాదు. ఆ సంగతి మాత్రం అతనికి చెప్పలేదు.

ఇవాళ కమిటీ ముందు డిజైన్ పెట్టాలి. కాదన్నారంటే ప్రాజెక్టు పోతుంది, అతను వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళిపోతాడు. పొద్దున్నుంచీ ఆమె అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆఫీసు నడిపే బాబాయి "కంగారుపడకు తల్లీ, నీళ్ళు తాగు" అంటూ తన గ్లాసు తనే ఒలకబోసుకున్నాడు.

కమిటీ గదిలో తెర మీదకి ఆమె ప్లాన్ వచ్చింది. నడి హాల్లో నాలుగు స్తంభాలు! తర్వాత అతని డ్రాయింగ్ వచ్చింది. ఒక్క స్తంభమూ లేదు.

కమిటీ పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది. "మీరు కట్టేది ఒక హాలా, రెండా?"

బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇద్దరూ చివరి మార్పులు ఎవరివి వాళ్ళు, రెండోవాళ్ళకి చూపించకుండా పంపేశారు.

"పావుగంట టైమిస్తున్నా. ఒక్క బొమ్మతో రండి" అందావిడ.

ఇద్దరూ వరండాలో పడ్డారు. బయట వాన దంచేస్తోంది.

"స్తంభాలెందుకు తీసేశారు?" ఆమె అడిగింది.

"మీకిష్టం లేదుగా. పునాదుల సంగతి నేనే ఎలాగో తంటాలు పడదామనుకున్నా. మరి మీరెందుకు పెట్టారు?"

"మీరు చెప్పింది నిజం కాబట్టి. నిన్న గొడవలో చిన్నబోయిన మీ మొహం చూడలేకపోయాను."

ఆమె పెన్సిల్ తీసింది. "హాలు వెడల్పు తగ్గించి, స్తంభాల్ని రెండు పక్కలకీ జరిపితే?"

"కప్పు తేలికవుతుంది. పాత పునాదులు మోస్తాయి. కానీ సీట్లు పోతాయండీ."

"పోనివ్వండి. మీరు మాత్రం వెళ్ళకండి." అనేసి ఆమె పెన్సిల్ అతని చేతిలో పెట్టింది. "లోపల వాళ్ళు ఔనన్నా కాదన్నా సరే."

అతను నాలుగు స్తంభాల్నీ ఒక్కొక్కటే పక్కలకి జరిపి గీశాడు. ఈలోగా ఆమె ప్రాణాలు సగం పోయాయి.

"ఈ మాట కోసమే ఆ ఉద్యోగానికి ఇంకా సరేనని చెప్పలేదు" అన్నాడు చివరికి.

లోపలికెళ్ళాక పెద్దావిడ కొత్త బొమ్మని తిప్పి తిప్పి చూసింది. "సీట్లు తగ్గాయేం?"

"తగ్గాయండీ. కూర్చున్న ప్రతి ఒక్కరికీ వేదిక కనిపిస్తుంది" అన్నాడతను.

ఆవిడ తల ఊపి సంతకం పెట్టింది.

బాబాయి రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "రేపు మీరిద్దరూ ఇల్లు కట్టుకునేటప్పుడైనా, గీసేముందు ఒకళ్ళనొకళ్ళు అడిగి చావండి!"