ఛార్జర్ ఏ రంగు?

అద్దాల పెట్టె ఖాళీగా ఉంది. తాళం పగల్లేదు. అద్దం చెక్కుచెదరలేదు. లోపల ఉండాల్సిన కొత్త కంప్యూటర్ మాత్రం లేదు.

మూడేళ్లుగా కంపెనీ ఊరిస్తున్న మోడల్ అది. ఆ మధ్యాహ్నమే వాటాదారుల ముందు ఆన్ చేసి చూపించాలి. పెట్టెకు తాళంచెవులు రెండు. ఒకటి ఎండీ దగ్గర, ఒకటి ల్యాబ్ ఇంజినీరు దగ్గర. ఎండీని అనుమానించే దమ్ము ఎవరికీ లేదు. అందుకని ఇంజినీరునే దొంగను చేసి టీవీకెక్కించారు.

"మా అత్తగారు టీవీలో చూసేశారు మేడమ్," అంది ఇంజినీరు. "ఒకటే ఫోన్లు. ఎత్తి ఏం చెప్పను?"

ఇన్‌స్పెక్టర్ కంపెనీ అప్పుడే విడుదల చేసిన ప్రకటన చదువుతోంది. చదివేకొద్దీ ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

'చోరీ దృష్ట్యా, విడుదల ఏడాది ఆలస్యమయ్యే అవకాశాలను పరిశీలిస్తున్నాం.'

అంటే ఏడాదిదాకా మమ్మల్ని ఏమీ అడక్కండి అని.

ఆమె అధికార ప్రతినిధిని పిలిపించింది. ఆఫీసులో ఆయన ముద్దుపేరు 'త్వరలో గారు'. కూరలు తెచ్చారా అని పెళ్లాం అడిగినా, ఆ దిశగా అడుగులు వేస్తున్నాం అనే రకం.

"పోయింది ఒక్క మెషీనేగా?"

"నమూనా స్థాయిలో, అవును."

"డ్రాయింగులుంటే ఇంకోటి చేసుకోవచ్చు. ఏడాది ఎందుకు?"

"అన్ని కోణాల్లోనూ ఆలోచించి..."

"పోనీ, ఛార్జర్ కూడా పోయిందా?"

త్వరలో గారు టై సర్దుకున్నారు. "ఛార్జింగ్ విషయంలో వినూత్నమైన..."

"నలుపా? తెలుపా?"

"తగిన సమయంలో వెల్లడిస్తాం."

ఇన్‌స్పెక్టర్ ఇంజినీరు వైపు తిరిగింది. "నీకు తెలుసా అమ్మా?"

"నేనెప్పుడూ చూళ్లేదు మేడమ్. తాళం తియ్యడం, అద్దం తుడవడం, తాళం వెయ్యడం. అంతే నా పని. మెషీన్ మీద చెయ్యి వెయ్యనిచ్చేవాళ్లు కాదు."

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్ చెవిలో ఏదో చెప్పి కిందికి పంపింది. ఇద్దరినీ వెంటబెట్టుకుని ఎండీ గదిలోకి నడిచింది.

"దొంగను పట్టుకోమంటే ఛార్జర్ గోలేంటండీ?" కసిరాడు ఎండీ.

"కంప్యూటర్ ఎత్తుకెళ్లేవాడు ఛార్జర్ పట్టుకెళ్తాడు, లేదా వదిలేసి వెళ్తాడు. ఇక్కడ అది పోలేదు, మిగల్లేదు. దాని రంగేంటో ఈ బిల్డింగులో ఒక్కరికీ తెలీదు. ఎందుకంటే ఆ మెషీన్‌ని ఎవ్వరూ ఏనాడూ ప్లగ్‌లో పెట్టలేదు. ఇవాళ మధ్యాహ్నం ఆన్ చెయ్యాలి. అది ఆన్ అయ్యే సరుకు కాదు. కాబట్టి మధ్యాహ్నంలోపు మాయమవ్వాలి. అవసరం ఎవరిది? రెండో తాళంచెవి ఎవరిది?"

అప్పుడే కానిస్టేబుల్ వచ్చాడు. చేతిలో తువ్వాలు చుట్టిన మూట. ఎండీ కారు డిక్కీలో దొరికింది.

ఇన్‌స్పెక్టర్ మూట విప్పి, మెషీన్ అడుగుమూత ఊడదీసింది. లోపల తీగల్లేవు, చిప్పుల్లేవు. బరువు కోసం పెట్టిన బాత్రూం టైలు ముక్క ఉంది.

"మూడేళ్లు జనం చెవిలో పువ్వులు పెట్టారు. చాల్లేదా? మీ చేతగానితనం కప్పిపుచ్చుకోడానికి ఈ పిల్లను జైలుకు పంపుతారా? సిగ్గులేదూ?"

బయట విలేకరులు త్వరలో గారిని చుట్టుముట్టారు. ఎండీని అరెస్టు చేశారా?

"సార్ సమీప భవిష్యత్తులో అందుబాటులో ఉండకపోవచ్చు."

ఇంజినీరు ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎత్తింది.

"నేను దొంగను కాదత్తయ్యా. అసలది కంప్యూటరే కాదు. డబ్బాలో టైలు ముక్క!"

అవతల టీవీ సౌండు తగ్గింది.

"టైలు ముక్కకు రెండు తాళంచెవులు దేనికే?" అంది అత్తగారు.