తెగని దారం

నాన్న రోజూ పొద్దున్నే కారు కడిగేవాడు. ఇరవై రెండేళ్ళ నాటి జపాన్ కారు. రంగు వెలిసింది, వెనక సొట్ట పడింది, కానీ తాళం తిప్పితే ఇప్పటికీ ఒక్క దెబ్బకే లేచేది. కూతురు గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటుంటే ఆయన గుడ్డ పిండుతూ ఆ కంపెనీ కథ చెప్పేవాడు. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె వింటున్న కథే అది.

కార్లకన్నా ముందు వాళ్ళు మగ్గాలు చేసేవారట. అంతవరకూ ఉన్న మగ్గాలు దారం తెగినా తమ మానాన నేసుకుంటూ పోయి గజాల కొద్దీ గుడ్డ పాడుచేసేవి. వీళ్ళ మగ్గం మాత్రం దారం తెగిన క్షణాన దానంతటదే ఆగిపోయేది. తర్వాత ఆ తెలివినే కార్ల ఫ్యాక్టరీలోకి తెచ్చారు. కార్లు తయారయ్యే లైను పొడుగునా తలల మీదుగా ఒక తాడు కట్టారు. బోల్టు బిగించే మామూలు పనివాడైనా సరే, తప్పు కనబడితే తాడు లాగొచ్చు. లాగగానే అందరికీ వినబడేలా ఒక పాట మోగుతుంది. తప్పు సరిచేసేదాకా లైను కదలదు.

"ఆగడం తెలిసినవాళ్ళు కాబట్టే ఆగని కారు చేశారు," అని ముగించేవాడు నాన్న. ఆ కార్లకి లోకంలో ఉన్న పేరంతా ఆ తాడు చలవేనని ఆయన నమ్మకం.

"ఆ తాడే మన కొంప ముంచింది," అనేది అమ్మ వంటింట్లోంచి. ఆ మాటా రోజూ ఉండేదే.

ఆ రోజు కూడా అన్నీ అలాగే జరిగాయి. ఒక్కటే తేడా. కూతురు రోజూ పట్టుకెళ్ళే చిన్న సీసా వదిలేసి, లీటరు సీసా నిండా నీళ్ళు పట్టుకుంది.

"అంత నీళ్ళు ఏం చేస్తావే, పిల్లీ?" అంది అమ్మ. నడుస్తుంటే అడుగుల చప్పుడు వినబడదని చిన్నప్పుడు పెట్టిన పేరది.

"దాహం," అని చెప్పి ఆమె కంపెనీ బస్సు ఎక్కింది.

పద్దెనిమిదేళ్ళ క్రితం నాన్న ఆ కంపెనీ ఫ్యాక్టరీలోనే కార్లకి తలుపులు బిగించేవాడు. ఒకరోజు తలుపు బోల్టు వదులుగా ఉందని తాడు లాగాడు. లైను ఆగింది. లైను లీడరు పరుగున వచ్చాడు. ఆ లీడరు ఎవరో కాదు, నాన్న సొంత తమ్ముడు. బోల్టు చూసి, ఏ లోపమూ లేదన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. మా అన్నకి కళ్ళు సరిగా ఆనడం లేదని పై అధికారులకి చెప్పాడు. వారం తిరక్కుండా నాన్నని లైను మీంచి తీసేసి, తయారైన కార్లు కడిగే షెడ్డుకి పంపేశారు. రిటైరయ్యేదాకా ఆయన పని అక్కడే.

ఇంటి పైకప్పు మీద పాకే చీమని చూసే కళ్ళని గుడ్డి కళ్ళన్నాడని అమ్మ ఏడవని రోజు లేదు. బాబాయి రెండుసార్లు ఇంటికి వస్తే రెండుసార్లూ ముఖాన తలుపు వేసింది. వీధిలో నాన్న వెళ్తుంటే పిల్లలు వెనకనించి ఆ తాడు పాట కూనిరాగం తీసేవారు. అప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని నడిచేది ఏడేళ్ళ కూతురు. నాన్న వేళ్ళు బిగుసుకోవడం ఆమెకి తెలిసేది. ఆయన తల తిప్పి చూసేవాడు కాదు. ఆమె మాత్రం చూసేది, ఒక్కొక్క మొహాన్నీ గుర్తుపెట్టుకునేది.

పగ ఆమెకి కోపంలా ఉండేది కాదు, పాఠంలా ఉండేది. బడి పిల్లలు ఎక్కాలు వల్లె వేసినట్టు రోజూ ఒకసారి మనసులో వల్లె వేసుకునేది. చదువయ్యాక ఎందరు వద్దన్నా అదే ఫ్యాక్టరీలో చేరింది. ఆరేళ్ళు తల వంచుకుని పనిచేసి తనిఖీ ముద్ర చేతికి తెచ్చుకుంది. ఈలోగా బాబాయి ఉద్యోగం మానేసి, అద్దె షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళని పెట్టుకుని నీళ్ళు లోపలికి రాకుండా కారు తలుపుల అంచుకి పెట్టే రబ్బర్లు చేయిస్తున్నాడు. ఆ రబ్బర్లు పోయిన నెలనుంచే ఈ ఫ్యాక్టరీకి రావడం మొదలైంది. మొదటి పెట్టె మీద ఆయన షెడ్డు పేరు చూసినప్పుడు ఆమెకి ఎదురుచూసిన బస్సు వచ్చినట్టే అనిపించింది.

తయారైన ప్రతి కారునీ నీళ్ళ గదిలోకి పంపుతారు. నాలుగు వైపులనుంచీ వాన కొట్టినట్టు నీళ్ళు కొడతాయి. బయటికి వచ్చాక ఆమె తలుపు తెరిచి, లోపల చేత్తో తడిమి, పొడిగా ఉంటే ముద్ర వేస్తుంది. తడి తగిలితే ఆ రబ్బరు చేసినవాడి పని అయిపోయినట్టే. నీళ్ళు కారే రబ్బరు ఇచ్చినవాడిని ఆ కంపెనీ మళ్ళీ గడప తొక్కనివ్వదు.

ఆ ఉదయం మూడు కార్లు పొడిగా బయటికి వచ్చాయి. ఆమె ఒక్కొక్క దాంట్లోకి వంగి, సీటు కింద కార్పెట్ మీద సీసా వంచింది. ఖాళీ సీసాకి మూత బిగించి సంచిలో పెట్టుకుని తాడు లాగింది. పాట మోగింది. పద్దెనిమిదేళ్ళుగా నాన్న వెనక నడిచిన పాట ఇప్పుడు తన చేతిలోంచి మోగుతుంటే ఆమెకి ఒళ్ళంతా తేలికైపోయింది.

ఇన్‌ఛార్జి మేడమ్ వచ్చి మూడు కార్లూ తడిమి చూసింది. సరుకు మొత్తం ఆపేసి ఎర్ర చీటీ అంటించమంది. రబ్బర్లు పంపినాయన్ని రేపు పదింటికి పిలిపిస్తామని, ఆ మాటా ఈ మాటా చెబితే వినేది లేదని అంది. వెళ్తూ వెళ్తూ ఆమె భుజం తట్టి, సొంత బాబాయి సరుకని కూడా చూడలేదు, నీలాంటివాళ్ళ వల్లే కంపెనీకి ఈ పేరు అని మెచ్చుకుంది.

భోజనం బెంచీ మీద కూర్చుని ఆమె రేపటి ఉదయాన్ని ముక్క ముక్కగా ఊహించుకుంది. బాబాయి చేతులు కట్టుకుని నిలబడతాడు. సరిగ్గా చూశారా అని అడుగుతాడు. అప్పుడు తను తాపీగా, నా కళ్ళు బాగానే ఆనుతాయి బాబాయ్ అంటుంది. ఆ ఒక్క వాక్యాన్ని అటు తిప్పి ఇటు తిప్పి రుచి చూసుకుంటూ, తెచ్చుకున్న డబ్బా మూత తియ్యడం కూడా మరిచిపోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే, బూట్లు విప్పకుండానే జరిగింది చెప్పింది, సీసా సంగతి తప్ప. అమ్మ చేతిలో పళ్ళెం కింద పెట్టి, ఇన్నాళ్ళకి నా కడుపు చల్లబడిందే అంటూ కళ్ళు తుడుచుకుంది. నాన్న కుర్చీలోంచి లేవలేదు.

"తడి ఎక్కడ తగిలింది?" అని అడిగాడు.

"సీటు కింద, కార్పెట్ మీద."

"తలుపు అంచున?"

ఆమె గుమ్మంలో కూర్చుని బూటు లేసు విప్పసాగింది.

"రబ్బరు వదిలితే నీళ్ళు తలుపు అంచునే చారలా దిగుతాయి. అంచు పొడిగా ఉండి సీటు కింద తడవడమేమిటి?" నాన్న గొంతు పెంచలేదు. "దారం తెగిందా, తల్లీ?"

"నీకు వాళ్ళు చేసినదానికి..."

"తెగిందా అని అడిగాను."

"లేదు," అంది ఆమె.

నాన్న తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు. "ఆ రోజు నాకూ తెగలేదు."

అమ్మకి అర్థం కాలేదు. కూతురికి అర్థమైంది కానీ అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది. నాన్న కారు కథ చెప్పినట్టే, అదే గొంతుతో, మొదటినుంచీ చెప్పాడు. నాలుగేళ్ళు చిన్నవాడైన తమ్ముడిని తన నెత్తిన లీడరుగా పెట్టారని ఆ నెల్లాళ్ళూ ఆయనకి నిద్ర పట్టలేదు. వాడి లైను ఆగితే వాడి పరువు పోతుందనుకున్నాడు. గట్టిగా ఉన్న బోల్టుని తన చేత్తోనే రెండు చుట్లు వదులు చేసి తాడు లాగాడు. వదులు చేస్తుండగా తమ్ముడు అవతలి తలుపులోంచి చూశాడు. వచ్చి, ఎవరూ చూడకముందే ఆ బోల్టు తనే బిగించి, లోపమేమీ లేదన్నాడు.

"ఉన్నదున్నట్టు చెబితే ఆ పూటే నన్ను గేటు బయటికి గెంటేవారు. వాడు చెప్పలేదు. కళ్ళు ఆనలేదని చెప్పి నా ఉద్యోగం నిలబెట్టాడు."

అమ్మ గోడకి ఆనుకుంది. "మీ తమ్ముడు రెండుసార్లు వచ్చాడు. తలుపు వేసింది నేను. మీరు లోపలే ఉన్నారు."

"ఉన్నాను."

"ఒక్కమాట అనలేకపోయారా?"

కూతురు లేచి నిలబడింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు.

"నా చేత తప్పు పాఠం వల్లె వేయించావు నాన్నా," అంది. "నేనూ అచ్చం నీలాగే రాశాను పరీక్ష."

మర్నాడు పొద్దున ఆ ఇంటి ముందు కారు కడగలేదు. ఎవరూ కథ చెప్పలేదు. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా బస్సు ఎక్కింది.

పదింటికి బాబాయి వచ్చాడు. ఆమె ఊహించుకున్నట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చంకలో కాగితం చుట్టిన రబ్బరు ముక్క ఉంది. జుట్టు బాగా నెరిసింది, అచ్చం నాన్న పోలికే. మేడమ్ మూడు కార్ల సంగతీ చదివి వినిపించింది. బాబాయి కార్ల దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. తలుపు తెరిచి, అంచు వెంబడి వేలు నడిపించి, కార్పెట్ మీద ఆరుతున్న మరకని చూశాడు. తర్వాత తల ఎత్తి ఆమెను చూశాడు. ఆ చూపులో ఆయనకి అంతా తెలిసిపోయిందని ఆమెకి తెలిసింది.

"తాగే నీళ్ళ సీసా ఒలికినట్టుంది మేడమ్," అన్నాడు బాబాయి. "అమ్మాయి చూసుకుని ఉండదు. పని ఒత్తిడిలో జరుగుతుంటాయి."

పద్దెనిమిదేళ్ళ క్రితం అన్నకి చూపిన దారినే ఇప్పుడు ఆమెకీ చూపించాడు. కాదనకుండా తల ఊపితే చాలు, ముద్ర చేతిలోనే ఉంటుంది. నాన్న ఆ రోజు తల ఊపాడు.

"ఒలకలేదు," అంది ఆమె. "నేనే పోశాను. మూడింట్లోనూ. రబ్బరులో ఏ లోపమూ లేదు."

మేడమ్‌కి ముందు నమ్మకం కుదరలేదు. తర్వాత ముఖం గట్టిపడింది. విచారణ ఉంటుందని, అది తేలేదాకా తనిఖీ గదిలో అడుగు పెట్టొద్దని, కార్లు కడిగే షెడ్డుకి వెళ్ళమని చెప్పింది. ఆమె ముద్ర తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర చీటీలు తనే ఒక్కొక్కటీ చింపింది.

బయట నడవాలో బాబాయి ఆగాడు. "నేను సర్దేశాను కదా, ఎందుకు చెప్పావు?"

"మీరు అప్పుడూ సర్దారు బాబాయ్. అందువల్లే ఇంతదూరం వచ్చింది."

ఆయన దవడ బిగుసుకుంది. "నాకు కోపం లేదనుకోకు. రెండుసార్లు గుమ్మంలో నిలబెట్టారు నన్ను. నా షెడ్డుని నమ్ముకుని పన్నెండు మంది ఉన్నారు." అంతమాట అని, ఆమె తలమీద చెయ్యి వెయ్యబోయి మానుకుని వెళ్ళిపోయాడు.

కార్లు కడిగే షెడ్డు గేటుని ఆనుకునే ఉంది. గేటు బయట వెలిసిన రంగు కారు ఆగి ఉంది. దాని పక్కన నాన్న, శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. బాబాయి ఆయన్ని చూసి, చూడనట్టు నాలుగడుగులు వేశాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. ఇద్దరూ కారుకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు.

చివరికి బాబాయి ఊరికే ఉండలేక తలుపు తెరిచి రబ్బరు నొక్కి చూశాడు. చేతుల అలవాటు. అది ఎప్పుడో ఎండి పగిలిపోయింది.

"ఈ రబ్బరు పోయి ఏళ్ళయింది అన్నయ్యా. రోజూ కడుగుతావుగా, కనబడలేదా?"

నాన్న పెదవులు అదిరాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో షెడ్డులో ఉన్న కూతురికి తెలియలేదు, కానీ మాట మాత్రం స్పష్టంగా వినబడింది.

"లేదురా. నాకు కళ్ళు సరిగా ఆనవు."

బాబాయి చంకలోని కాగితం విప్పి, మేడమ్‌కి చూపిద్దామని తెచ్చిన కొత్త రబ్బరు బయటికి తీసి, తలుపు అంచుకి పెట్టి కొలవసాగాడు. నాన్న అవతలి కొస పట్టుకున్నాడు. షెడ్డులో ఆమె గుడ్డ పిండి, మొదటి కారు కడగడం మొదలుపెట్టింది. కళ్ళు మసకబారి ఏమీ కనబడలేదు.