"తలుపు తీయకు" పాటకు అర్థం

మైకు ముందు కూర్చోవడం గ్రేస్ సులోచనకి అది మూడో రోజు. ఎనభై ఏళ్ల మెడ లాగేస్తోంది.

"ఇంకొక్కటి మేడమ్. చిన్నప్పుడు మీరు భయపడ్డ సంగతేదైనా తలుచుకుంటూ పాడండి," అంది సౌండ్ సైంటిస్ట్ డాక్టర్ నిఖత్.

పాడేటప్పుడు మనసులో ఉన్నదాన్నిబట్టి గొంతు వెంట్రుకవాసి బిగుస్తుంది. అది చెవికి అందదు, టేపులో మాత్రం ఉండిపోతుంది. నిఖత్ మెషీన్ ఆ బిగువుల్ని మనిషి దగ్గరే నేర్చుకుని, పాత రికార్డింగులో ఆ మనిషి ఏం తలుచుకుంటూ పాడిందో చెబుతుంది.

గ్రేస్ విసుగెత్తే ఈ పరీక్షకు ఒప్పుకుంది. ఎమర్జెన్సీకి కొద్ది నెలల ముందు సికింద్రాబాద్‌లో ఆమె బ్యాండు చేసిన రాక్ పాట "తలుపు తీయకు". దాని అర్థమేమిటని అడగని ఇంటర్వ్యూ లేదు. పోలీసులకు ఎదురుతిరిగిన పాటని జనమే తేల్చుకున్నారు. ఆమె కాదనలేదు.

సాయంత్రం ఆ పాట టేపును మెషీన్‌కి వినిపిస్తే తెర మీద మూడు మాటలు వచ్చాయి. పసిబిడ్డ, మూసిన గది, బెంగ.

"మా అమ్మాయికి అప్పుడు మూణ్ణెల్లు," అంది గ్రేస్. "పక్క గదిలో ఒకటే ఏడుపు. తలుపు తీస్తే టేపులో పడుతుందని ఆయాతో అన్న మాటే పల్లవి అయింది."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"బిడ్డను ఏడవనిచ్చి పాడానని ఎలా చెప్పుకోను?"

సంగతి వార్తల్లోకెక్కిన వారానికి వరంగల్ నుంచి నర్సయ్య అనే పెద్దాయన వెతుక్కుంటూ గ్రేస్ ఉండే మేడ మీదికి వచ్చాడు. భార్య భూదేవమ్మ పైకి ఎక్కలేక కింద మెట్ల మీదే కూర్చుండిపోయింది.

"ఆ పాట మా పార్టీల అందరికీ ఆర్డరు లెక్క ఉండెనమ్మా," అన్నాడు నర్సయ్య. "పోలీసులొస్తే తలుపు తీయొద్దని ఇంట్ల చెప్పిన. ఎమర్జెన్సీల ఒకనాడు పొద్దుగాల్నే వచ్చి తలుపు కొట్టిన్రు. నేను వెనక గోడ దుంకేలోపే మా ఇంటామె తీసింది. పంతొమ్మిది నెలలు జైల్ల ఉన్న. అప్పట్నుంచి ఆమెతోని అవసరానికి తప్ప మాట్లాడలే."

గ్రేస్ తన కుర్చీ ఆయనకు దగ్గరగా జరుపుకుంది.

"యాభై ఏండ్లు దాటింది. ఎందుకు తీసినవని ఏనాడూ అడగలే. ఇప్పుడు అడుగుదామంటే నాకు నోరు వస్తలేదు. మీరు అడుగుతరా?"

గ్రేస్ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, భూదేవమ్మ పక్కన కూర్చుని అడిగింది.

భూదేవమ్మ మోకాళ్లు ఒత్తుకుంది.

"ఇంకో రెండు గుద్దులు గుద్దితే తలుపు ఊడిపోతుండె," అంది. "కిరాయి ఇల్లు గదమ్మా."