విప్పని చీటీ

ఎన్నికల మర్నాడు బోర్గిల్ ఎప్పటిలాగే కాఫీ పెట్టి, భర్త ఇంగ్వాల్ కోటు దులపడానికి తీసుకుంది. రేడియోలో పొద్దున్నే ఫలితాలు చెప్పారు. నార్వే పడమటి తీరాన ఉన్న ఆ చిన్న ఊరి కౌన్సిల్లో క్రైస్తవ పార్టీకి మూడు సీట్లు వచ్చాయి. జాబితాలో మూడో పేరు కూతురు సిన్నేవది. సీటు మాత్రం నాలుగో పేరున్న చేపల వ్యాపారికి దక్కింది. పార్టీ అభ్యర్థుల పేర్లన్నీ ఉండే ఓటు చీటీలో నచ్చని పేరు కొట్టేసే హక్కు ఓటరుకుంది మరి. చాలామంది సిన్నేవ పేరే కొట్టేశారట.

కోటు జేబులో మడిచిన చీటీ ఒకటి తగిలింది. ఇంగ్వాల్ ఊళ్లో పార్టీ అధ్యక్షుడు. పార్టీ ఇంటికి పంపే చీటీలను ఆయనే మడిచి, ఓటు వేసే రోజు పొద్దున భార్యకొకటి, ముసలివాళ్లకు కొన్ని పంచేవాడు. ఓటు రహస్యమని చట్టం అంటుంది. ఆ ఇంట్లో అది ఓటరుకే రహస్యం.

జ్వరంతో ఓటుకు రాలేకపోయిన ఆడపడుచు చీటీ అయ్యుంటుందనుకుంటూ బోర్గిల్ విప్పింది. సిన్నేవ పేరు మీద పెన్సిల్ గీత, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

"నాకిచ్చిన దాంట్లోనూ కొట్టేశారా?"

ఇంగ్వాల్ రొట్టె మీద జున్ను పరుస్తూ తలెత్తలేదు. "విడాకులైనవాడితో పెళ్లి లేకుండా కాపురం చేస్తోంది. ప్రార్థనామందిరంలో అందరూ నా మొహమే చూస్తున్నారు."

"అయితే జాబితా ఖాయం చేసిన పార్టీ సభలోనే వద్దనాల్సింది. దొంగచాటుగా నా చేత కొట్టించడమేంటి?"

"నలభై ఏళ్లలో ఒక్కసారైనా విప్పి చూశావా నువ్వు?"

ఆయన మీద కోపం కంటే ఆ మాట నిజమైనందుకే బోర్గిల్‌కు ఎక్కువ మండింది.

మధ్యాహ్నం సిన్నేవ వానలో తడుస్తూ వచ్చింది. ఓడిపోయిన బాధ కనపడకుండా నవ్వడానికి ప్రయత్నించింది.

"పోనీలే అమ్మా. ఊరంతా కొట్టేసినా నీ ఓటొకటి నాకుందిగా."

బోర్గిల్ చీటీ తెచ్చి బల్ల మీద పరిచింది. "అదీ లేదే తల్లీ. నాకూ ఇలాంటిదే ఇచ్చారు. విప్పకుండా వేసొచ్చాను."

సిన్నేవ ఆ గీతను చూసింది. ఎవరు గీశారని అడగలేదు. చీటీని బల్లకు అటువైపు కాఫీ తాగుతున్న తండ్రి వైపు నెట్టి, తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఈసారి నీ చీటీ నువ్వే మడుచుకో. నా పేరు లేకపోయినా సరే."

బోర్గిల్ కూతుర్ని పట్టుకుని బావురుమంది. ఇంగ్వాల్ అలవాటుగా ఖాళీ కప్పు ముందుకు జరిపాడు. కాఫీ కెటిల్ ఆయన చేతికందే దూరంలోనే ఉంది. బోర్గిల్ లేవలేదు.