సమతూకి

నా రాతలో అక్షర దోషాలుంటే మన్నించండి. అరవయ్యో ఏట పలక పట్టినదాన్ని, నెమ్మదిగా రాస్తాను.

చంద్రుడి మీది ఆ కాలనీలో బయట తిరిగే వీలు లేదు. అందుకని 2094 నాటికి అక్కడివాళ్ళ కాలక్షేపమంతా బల్లాటే. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు జానపద మాంత్రికుడవుతారు, ఒకరు అంతరిక్ష నౌక కెప్టెన్ అవుతారు; పాచికలు వేస్తూ అందరూ కలిసి ఒకే కథ నడుపుతారు. అయితే మాంత్రికుడు ఒక్కసారి ఊదితే కెప్టెన్ బూడిదవుతాడు. ఇక ఆట ఏముంది? ఆ చిక్కు తీర్చింది సమతూకి అనే పవర్ బ్యాలెన్సర్. అది పాత్రల బలాన్ని తూచి, తక్కువైనవాళ్ళకు సరిపడా శక్తి ఇస్తుంది. తలపట్టీల ద్వారా ఆ శక్తి ఆడేవాళ్ళ మెదళ్ళ మీదా పనిచేస్తుంది.

దాన్ని కనిపెట్టింది తానేనని గవరయ్య చెప్పుకున్నాడు. నిజానికి చేసింది అతని మేనమామ, పైడితల్లి భర్త అయిన సింహాద్రి. అతను పోయి పన్నెండేళ్ళు. ఇన్నాళ్ళకు కాలనీ పెద్దలు యంత్రానికి గవరయ్య పేరు పెట్టబోతున్నారు. ముందుగా అందరి ఎదుటా ఒక ఆట ఆడాలి. పైడితల్లి తానూ ఆడతానంది.

గవరయ్య ఏడు లోకాలేలే మాంత్రికుడయ్యాడు. నీ పాత్ర ఎవరని ఆమెను అడిగారు.

"బట్టలుతికే ముసిల్ది. కత్తి నేదు, మంత్రం నేదు. పేరు కూడా నేదు బాబూ."

జనం నవ్వారు. పన్నెండేళ్ళుగా ఆమె ఎదురుచూసింది ఆ నవ్వు కోసమే. ఏమీ లేనివాళ్ళకు తన యంత్రం ఏమిస్తుందో సింహాద్రి ఒకప్పుడు ఆమెకు చెప్పాడు. ఎవరి చేతనైనా నిజం చెప్పించే శక్తి. సమతూకి తూచి అదే ఇచ్చింది.

"ఈ పెట్టె ఎవుడు సేసాడు, గవరయ్యా?"

గవరయ్య పళ్ళు బిగించాడు. తలపట్టీ ఊరుకోలేదు.

"సింహాద్రి మావ. నాను సేసానని సెప్పుకున్నాను."

పెద్దలు పేరు చెక్కిన పలకను దించేశారు. వాడిపోయిన ఆ మొహాన్ని పైడితల్లి తనివితీరా చూసింది.

సింహాద్రి ఉన్న రోజుల్లో యంత్రం ఆట మొదట్లో ఒక్కసారే తూచేది. గవరయ్య దాన్ని ప్రతి వంతుకూ తూచేలా మార్చాడు. అతను చేర్చింది అదొక్కటే, ఆమెకు తెలియనిదీ అదే. ఇప్పుడు బల్ల దగ్గర ఏమీ మిగలనివాడు గవరయ్య. శక్తి అతనికి మారింది.

"అత్తా, ఈ పెట్టె నా సేతికెలా వచ్చింది?"

ఆమె పెదవి కొరుక్కుంది.

"నానే ఇచ్చాను. ఆయన పోయిన మూడోనాడు, ఈ తుక్కు పట్టుకుపో అన్నాను. ఆయన బతికున్నన్నాళ్ళూ తుక్కే అన్నాను."

సమతూకి మళ్ళీ తూచింది. ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచింది. జనం ముందు ఇద్దరూ సమానమయ్యారు. పైడితల్లికి అదే మింగుడుపడలేదు. పాచికలు గుప్పిట్లోకి తీసుకుంది.

"ఇంకో ఆట," అంది.

— ఇప్పిలి చిన్నమ్మి, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు పలాసలో ఉంటున్నాను.