ఇనుప చేతులకు ఆముదం

ఉదయం 6:40. పలాస శివార్లలో జీడిపప్పు ఫ్యాక్టరీ.

కాయలు కొట్టే షెడ్డులో ఆండ్రాయిడ్ మరమనిషి స్టూలు మీద కూర్చునే ఉంది. కళ్లలో లైట్లు ఆరిపోయాయి. రెండు చేతులూ మణికట్ల దగ్గర విరిగి ఒళ్లో పడి ఉన్నాయి. పక్కనే కర్ర సుత్తి.

ఎస్సై తులసి వాచీ చూసుకుంది. ఎనిమిదికల్లా అరెస్టు చూపించమని డీఎస్పీ ఫోన్ చేశాడు. ఎవరినన్నదీ ఆయనే చెప్పాడు.

"రాణి పనేనండీ," అన్నాడు యజమాని యుగంధర్. "దీని వల్ల పని పోయిందని గేటు బయట నలభై రెండు మంది ఆడవాళ్లు టెంటేశారు. వాళ్ల లీడరు. దీన్ని ముక్కలు చేస్తామని నిన్న మైకులో అంది."

"అన్నాను," అంది టెంటు నుంచి పిలిపించిన రాణి. "సేతికి మైకిస్తే ఎవులైనా అంటారు."

"ఐదున్నర నుంచి ఆరు దాకా ఎక్కడున్నావ్?" అంది తులసి.

"టెంటులో టీ కాస్తన్నాను."

"సాక్ష్యం?"

"తాగినోలు నలభై మంది. అందరూ నావోలే. మీరు నమ్మరు."

ఇంజనీర్ గోపి ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. "5:52కి చేతుల సిగ్నల్ పోయింది మేడమ్. మనిషి దగ్గరికొస్తే ఇది పని ఆపేసి కదలకుండా కూర్చుంటుంది."

"ఎదురు తిరగదా?"

"తిరగదు."

"చేతుల మీద ఈ జిడ్డేమిటి?"

"లూబ్రికెంట్ అయి ఉంటుంది."

"ఎక్కడ పోస్తారు?"

గోపి తడబడ్డాడు. "పోయం మేడమ్. జాయింట్లన్నీ సీల్ చేసి వస్తాయి."

తులసి వంగి వాసన చూసింది. ఆముదం.

ఆమె తల్లి ఇలాంటి షెడ్డులోనే ఇరవై ఏళ్లు కాయలు కొట్టింది. జీడి చమురుకి చర్మం కాలకుండా పొద్దున్నే ఆముదం రాసుకునేది. అయినా అరచేతులు నల్లబడిపోయాయి. ఒకసారి స్కూలుకొస్తే, "చేతులు కొంగు కింద పెట్టుకో" అంది తొమ్మిదో తరగతి తులసి. తల్లి పోయేదాకా ఎక్కడికెళ్లినా అలాగే పెట్టుకుంది.

షెడ్డులో మిగిల్చిన ఒకే ఒక్క కూలీ దాలమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. చేతులు కొంగు కింద.

7:25. తులసి నలుగురినీ యంత్రం ముందుకు పిలిచింది.

"జిడ్డు పైపైన లేదు. విరిగిన చోట, లోపలి వైర్ల మీద ఉంది. అంటే కొట్టాక రాశారు. పగతో వచ్చినవాళ్లు కొట్టి పారిపోతారు. కూర్చుని వేలు వేలుకీ ఆముదం రాయరు. దీనికి పని నేర్పిందెవరు?"

"దాలమ్మ," అన్నాడు గోపి. "మూడు నెలలు సెన్సర్ గ్లవ్స్ తొడిగి ఆవిడ చేతుల కదలిక రికార్డు చేశాం."

రాణి మెల్లగా తల తిప్పింది. "ఒసే దాలీ. సేతులు మండకుండా తొడుగులిచ్చినారన్నావు కదే."

"మొదట నాకూ అలాగే సెప్పినారు," అంది దాలమ్మ. "తరవాత తెలిసింది. తెలిసీ మానలేదే. నన్నొక్కదాన్నే పనిలో ఉంచుతామన్నారు."

దాలమ్మ కొంగు కింద నుంచి చేతులు బయటికి తీసింది.

"కాయ కొట్టే ముందు నేను బొటనేలు ఇలా ఓసారి తిప్పుతాను. అదీ తిప్పుతాది. నా సేతులే మీ కూడు తీస్తంటే రోజూ సూడలేకపోయాను. కొట్టీసినాను. కొట్టీసినాక... నొప్పెడతాదేమో అనిపించింది."

గోపి ల్యాప్‌టాప్ మూశాడు. "నష్టమేం లేదు సార్. కొత్త చేతులు బిగిస్తే చాలు. రికార్డింగ్ సేఫ్. వచ్చే వారం దిగే పన్నెండు యంత్రాలకీ అదే వేస్తాం."

దాలమ్మ అతని వైపు చూసింది. "అయితే నా సేతులు ఇంకా అందులోనే ఉన్నాయేటి బాబూ?"



7:50. షెడ్డు బయటికి రాగానే దాలమ్మ చేతులు మళ్లీ కొంగు కిందికి వెళ్లాయి.

"చేతులు బయట పెట్టమ్మా," అంది తులసి.

బేడీలకనుకుని దాలమ్మ రెండూ చాచింది. తులసి బేడీలు తీయలేదు. నల్లటి ఆ చేతిని పట్టుకుని, నలభై రెండు మంది చూస్తుండగా జీపు దాకా నడిపించింది.

గేటు తీసింది రాణే.

జీపులో స్టీరింగ్ మీద చేతులు వేశాక తులసికి తెలిసింది, తన అరచేతికీ ఆముదం అంటిందని. తుడుచుకోలేదు.